ఎవరి పేరునా లేని గజాలు



హైదరాబాద్ చుట్టుపక్కల భూమి ధర గురించి కబురు వినపడని వారం ఉండదు. 2023 ఆగస్టులో కోకాపేట వేలంలో ఎకరం 100 కోట్ల 75 లక్షలకు పోయింది. 2025 ఆగస్టులో కేపీహెచ్‌బీలో ఎనిమిది ఎకరాలకు కాస్త తక్కువ జాగా 547 కోట్లు పలికింది. అదే ఏడాది అక్టోబరులో రాయదుర్గంలో ఎకరం 177 కోట్లకు చేరింది. ఎకరానికి 4,840 గజాలు. అంటే కేపీహెచ్‌బీలో గజం లక్షా నలభై నాలుగు వేలకు పైన, రాయదుర్గంలో మూడు లక్షల అరవై అయిదు వేలకు పైన పడింది.

కేపీహెచ్‌బీ అంటే కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీ. ఒకప్పుడు ప్రభుత్వం చిన్న, మధ్యతరగతి ఉద్యోగుల కోసం వాయిదాల మీద ఇళ్లు కట్టి ఇచ్చిన చోటు. తక్కువ ఆదాయ, మధ్య ఆదాయ వర్గాల ఇళ్లను సూచించే ఎల్‌ఐజీ, ఎంఐజీ అనే మాటలు ఇప్పటికీ అక్కడి చిరునామాల్లో కనిపిస్తాయి. అలాంటి కాలనీలో గజం లక్షన్నరకు దగ్గరపడిందని వినగానే మియాపూర్‌లో, నిజాంపేటలో, బాచుపల్లిలో, అమీన్‌పూర్‌లో ప్లాటో ఫ్లాటో ఉన్న ప్రతి కుటుంబమూ మనసులో తన లెక్క వేసుకుంటుంది. అందులో తప్పులేదు. జీవితమంతా దాచుకున్న డబ్బు దాని మీదే పెట్టారు కదా.

ఇవాళ నేను మాట్లాడదలచుకున్నది మాత్రం ఆ లెక్కలోకి రాని గజాల గురించి. లేఅవుట్‌లో పార్కు కోసం వదిలిన జాగా, రోడ్డు, నాలా, చెరువు గట్టు, అపార్ట్‌మెంట్ కింద సెల్లారు, పైన డాబా. ఇవేవీ మీ ఒక్కరి పేరునా ఉండవు, నా ఒక్కడి పేరునా ఉండవు. శివారు కాలనీ నివాసయోగ్యంగా ఉందా లేదా అన్నది తేల్చేవి ఇవే అని నా గట్టి నమ్మకం.

ఒక లెక్క చూద్దాం. పది ఎకరాల్లో ఒక వెంచర్ వేశారు అనుకోండి. మొత్తం 48,400 గజాలు. నిబంధన ప్రకారం అందులో పది శాతం ఖాళీ స్థలంగా వదలాలి. అంటే సరిగ్గా ఒక ఎకరం. రోడ్లకు ఇంచుమించు ముప్పై శాతం పోతుందనుకుంటే, అమ్మడానికి మిగిలేది ఇరవై తొమ్మిది వేల గజాలు. రెండు వందల గజాల చొప్పున 145 ప్లాట్లు. ఆ ఎకరం పార్కును 145 ఇళ్లకు పంచితే ఇంటికి ముప్పై మూడు గజాలు వస్తాయి. గజం యాభై వేలు పలికే చోట అది పదహారున్నర లక్షల రూపాయల ఆస్తి. మన సేల్ డీడ్‌లో దాని హద్దులు రాసి ఉండవు గానీ, ప్లాటు కొన్న రోజున మనం కట్టిన ధరలో అదీ కలిసే ఉంది. ఎవరైనా మన ప్లాటులో ముప్పై మూడు గజాలు ఆక్రమిస్తే రాత్రికి రాత్రే పోలీస్ స్టేషన్‌కు వెళతాం. పార్కు మూల నుంచి గోడ జరుపుకుంటూ వస్తే, ఎవరో ఒకరు అడుగుతారులే అనుకుని ఊరుకుంటాం.

పార్కు జాగా పోయే తీరు దాదాపు అన్ని చోట్లా ఒకటే. ముందు నాలుగు రాళ్లు పాతుతారు. తర్వాత రేకుల షెడ్డు ఒకటి లేస్తుంది, అందులో ఒక కుటుంబాన్ని కాపలా పెడతారు. ఆ షెడ్డుకు కరెంటు మీటరు, ఇంటి నంబరు, ఆస్తి పన్ను రసీదు ఒకదాని వెనక ఒకటి వచ్చి చేరతాయి. ఏదో ఒక పాత కాగితం, నోటరీతోనో జీపీఏతోనో, బయటికి తీస్తారు. పదేళ్లు గడిచేసరికి అక్కడ పార్కు ఉండేదని చెబితే కాలనీలో కొత్తగా వచ్చినవాళ్లు నమ్మరు. కొన్ని కాలనీల్లో ఇంకో పద్ధతి ఉంది. జాగా కాపాడుకోవడానికే అందులో చిన్న గుడి కడతారు, దేవుడి జోలికి ఎవరూ రారని. ఆ ఆలోచన వెనకున్న భయం నాకు అర్థమవుతుంది. కానీ గుడికి ప్రహరీ వచ్చి, మండపం వచ్చి, చెప్పుల స్టాండు వచ్చాక పిల్లలు ఆడుకునే చోటు అలాగే పోతుంది.

ఈ ఖాళీ స్థలం కాగితం ఎక్కడుంటుంది? ఇక్కడే శివారు ప్రాంతాల ప్రత్యేక కష్టం మొదలవుతుంది. లేఅవుట్ వేసినవాళ్లు పార్కును, రోడ్లను గిఫ్ట్ డీడ్ ద్వారా స్థానిక సంస్థకు రిజిస్టర్ చేసి ఇవ్వాలి. ఆ స్థానిక సంస్థ మారుతూ వచ్చింది. నిజాంపేటనే తీసుకుంటే, మొదట గ్రామ పంచాయతీ. లేఅవుట్ అనుమతులు కొన్ని పంచాయతీవి, కొన్ని 1975లో పుట్టిన నగరాభివృద్ధి సంస్థ హుడావి, 2008 తర్వాత దాని స్థానంలో వచ్చిన హెచ్‌ఎండీఏవి. 2019లో నిజాంపేట, బాచుపల్లి, ప్రగతినగర్ కలిపి మున్సిపల్ కార్పొరేషన్ చేశారు. 2025 డిసెంబరులో చుట్టూ ఉన్న ఇరవై ఏడు పట్టణ సంస్థలను జీహెచ్‌ఎంసీలో కలిపినప్పుడు అదీ కలిసిపోయింది. బీరువాలు ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు మారిన ప్రతిసారీ ఫైళ్లు చెదిరిపోయే ప్రమాదం ఉంది. పంచాయతీ కాలపు లేఅవుట్‌లలో చాలావాటికి గిఫ్ట్ డీడే జరగలేదు. రిజిస్టర్ కాని పార్కు కాగితం మీద ఇంకా పాత భూమి యజమాని పేరుతోనే ఉంటుంది. ఆయన పోయాక వారసులు వచ్చి అమ్మేస్తారు, కొన్నవాళ్లు రిజిస్ట్రేషన్ పత్రం చూపిస్తారు, కాలనీ మొత్తం కోర్టు చుట్టూ తిరుగుతుంది.

అసలు పార్కే వదలని లేఅవుట్లు ఇంకా ఎక్కువ. అనుమతి లేని ఇలాంటి లేఅవుట్లను క్రమబద్ధం చేయడానికి తెలంగాణ ప్రభుత్వం 2020 ఆగస్టు 31న ఎల్‌ఆర్‌ఎస్ (లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం) జీవో తెచ్చింది. రాష్ట్రమంతటా ఇంచుమించు ఇరవై అయిదు లక్షల దరఖాస్తులు వచ్చాయి. ఆ ఒక్క అంకె చాలు, ఎన్ని లక్షల కుటుంబాలు అనుమతి లేని చోట ఇల్లు కట్టుకునే పరిస్థితిలో పడ్డాయో తెలుసుకోవడానికి. ఆ పథకంలో ఒక నిబంధన ఉంది. పది శాతం ఖాళీ జాగా లేని లేఅవుట్‌లో ప్లాటు కొన్నవాళ్లు ప్లాటు విలువలో 14 శాతం అదనంగా కట్టాలి. లేఅవుట్ వేసి లాభం తీసుకున్న మనిషి ఎప్పుడో వెళ్లిపోయాడు. చీటీలు పాడి, బంగారం కుదువపెట్టి కొన్న మనిషి ఆ పార్కు ఖరీదు కట్టాడు. డబ్బు కట్టినా ఆ కాలనీలోకి పార్కు రాదు, ఎందుకంటే వదిలిపెట్టడానికి అక్కడ నేల మిగల్లేదు. నాకు ఇది అన్యాయంగానే తోస్తుంది. వసూలైన ఖాళీ స్థలం రుసుమును ఆ కాలనీకి నడిచి వెళ్లగలిగినంత దూరంలో ఆటస్థలం కొనడానికే ఖర్చుపెట్టాలని జనం గట్టిగా అడగాలి.

చట్టం మాత్రం ఈ విషయంలో మనవైపే ఉంది. బెంగళూరులో రాజమహల్ విలాస్ ఎక్స్‌టెన్షన్‌లో పార్కు కోసం వదిలిన స్థలాన్ని ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్ కట్టుకోవడానికి కేటాయించారు. ఆసుపత్రి మంచి పనే కదా అని వాదించారు. కాలనీ వాసులు కోర్టుకు వెళ్లారు. 1991లో సుప్రీంకోర్టు ఆ కేటాయింపు చెల్లదని తేల్చింది. పార్కు పోతే నష్టపోయేది చుట్టుపక్కల ఉండేవాళ్లే గనుక అడిగే హక్కు వాళ్లకు ఉందని కూడా చెప్పింది. 2011లో పంజాబ్‌కు చెందిన జగ్‌పాల్ సింగ్ కేసులో, గ్రామ చెరువును ఆక్రమించి ఇళ్లు కట్టుకున్నవాళ్లకు క్రమబద్ధీకరణ కుదరదని, ఊరుమ్మడి భూములను ఖాళీ చేయించే ఏర్పాట్లు చేయాలని అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. ఈ రెండు తీర్పులూ మన కాలనీ సంఘాల బీరువాల్లో ఉండాల్సినవి.

ఇక చెరువుల మాట. హైదరాబాద్ చుట్టూ ఉన్నవి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు నిండితే మత్తడి (అలుగు) దూకి, వాగు దారిన కింది చెరువుకు నీళ్లు చేరేవి. వేసవిలో నీళ్లు తగ్గినప్పుడు బయటపడే నేలను తెలంగాణలో శిఖం అంటారు. శిఖంలో పట్టా ఉన్న రైతు కూడా నీళ్లు లేనప్పుడు పంట వేసుకునేవాడే తప్ప గోడ కట్టేవాడు కాదు. ఊరు శివారు నగరమయ్యాక, వేసవిలో ఎండిన శిఖం చూపించి ప్లాట్లు అమ్మారు. మత్తడి కాలువ మీద రోడ్డు వేశారు. 2016 సెప్టెంబరు వానలకు నిజాంపేట భండారీ లేఅవుట్‌లో ఏం జరిగిందో ఆ చుట్టుపక్కల వాళ్లు మరచిపోలేరు. తుర్క చెరువు నీళ్లు దారి లేక కాలనీలోకి వచ్చాయి. అపార్ట్‌మెంట్ల సెల్లార్లు మునిగాయి, కరెంటు పోయింది, లిఫ్టులు ఆగాయి, జనం రోజుల తరబడి పై అంతస్తుల్లో చిక్కుకుపోయారు. అక్కడ ఫ్లాట్లు కొన్నవాళ్లకు బ్యాంకులు అప్పులిచ్చాయి. కాగితాల్లో ఎక్కడా చెరువు కనపడలేదు. వానకు మాత్రం పాత దారి గుర్తుంది.

పాతిక ఎకరాలు, అంతకు పైబడిన చెరువు అయితే పూర్తి నీటిమట్టం (ఎఫ్‌టీఎల్) హద్దు నుంచి ముప్పై మీటర్లు, చిన్న చెరువు అయితే తొమ్మిది మీటర్లు బఫర్‌గా వదలాలని నిబంధన. 2024 జులైలో చెరువులు, ప్రభుత్వ స్థలాల్లో ఆక్రమణలు కూల్చే హైడ్రా సంస్థ ఏర్పడ్డాక ఎఫ్‌టీఎల్, బఫర్ అనే మాటలు ప్రతి ఇంట్లోనూ వినపడుతున్నాయి. కూల్చివేతల్లో నష్టపోయిన పేదల బాధ నిజమైనది. తెలియక కొన్న మనిషికి, తెలిసి అమ్మిన మనిషికి, అనుమతి ఇచ్చిన అధికారికి ఒకే శిక్ష పడటం లేదు. మొదటివాడే వీధిన పడుతున్నాడు. అలాగని చెరువును వదిలేద్దామనీ అనలేం. అంబర్‌పేట బతుకమ్మ కుంటలో పూడిక తీశాక, 2025లో మళ్లీ నీళ్లు నిలిచి జనం గట్టు మీద బతుకమ్మ ఆడారు. నీళ్లు తిరిగి వస్తాయనడానికి అది మన కళ్ల ముందున్న రుజువు.

ఇల్లు కొనబోయేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. ఈసీ, లింక్ డాక్యుమెంట్లు లాయరుకు చూపిస్తారు, మంచిదే. దానితోపాటు మంజూరైన లేఅవుట్ నక్షా కాపీ చేతిలో పెట్టుకుని ఆ కాలనీలో కాలినడకన తిరగండి. నక్షాలో పార్కు అని రాసిన చోట ఇప్పుడు ఏముందో చూడండి. నాలా ఎటు పోతోందో చూడండి. హెచ్‌ఎండీఏ చెరువుల వెబ్‌సైటులో ఎఫ్‌టీఎల్ పటాలు ఉన్నాయి, అవి చూడండి. ఈ తిరుగుడు వేసవిలో పెట్టుకోకండి. ఆగస్టులో, నాలుగు రోజులు ముసురు పట్టాక వెళ్లండి. ఇప్పటికే ఉంటున్నవాళ్లు పది రూపాయల రుసుముతో సమాచార హక్కు చట్టం కింద లేఅవుట్ కాపీ, పార్కు గిఫ్ట్ డీడ్ కాపీ అడగవచ్చు. గిఫ్ట్ డీడ్ లేదని జవాబు వస్తే అదే మొదటి ఫిర్యాదుకు ఆధారం. హైడ్రా ఆఫీసులో సోమవారాలు ప్రజావాణి జరుపుతున్నారు, అక్కడికి వచ్చే అర్జీల్లో పార్కుల మీదవే ఎన్నో.

అపార్ట్‌మెంట్‌లో ఉన్నవాళ్లకు ఉమ్మడి ఇంకో రూపంలో ఉంటుంది. మనం ఫ్లాటు కొన్నప్పుడు నేలలో అవిభాజ్య వాటా అని కొన్ని గజాలు రాస్తారు. అయిదు వందల గజాల్లో పది ఫ్లాట్లు కడితే యాభై గజాలు. 2006లో హైదరాబాద్‌లో, స్థలాన్ని బట్టి ఎంత కట్టవచ్చో చెప్పే ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి ఎత్తేశాక అంతస్తులు పెరిగాయి, వాటా కుదించుకుపోయింది. నలభై అంతస్తుల టవర్‌లో ఉన్న మనిషికి మిగిలేది బాల్కనీ, లిఫ్టు, క్లబ్ హౌస్, కింద నాలుగు చెట్లు. అందుకే అక్కడ అసోసియేషన్ ఇంటిపెద్ద లాంటిది. స్థిరాస్తి నియంత్రణకు తెచ్చిన రెరా చట్టం ప్రకారం సగానికి పైగా ఫ్లాట్లు బుక్ అయిన మూడు నెలల్లోగా కొన్నవాళ్ల సంఘం ఏర్పడేలా బిల్డర్ చూడాలి. ఉమ్మడి స్థలాలను ఆ సంఘానికి రాసివ్వాలి. స్వాధీనం చేసిన అయిదేళ్లలోపు కట్టడంలో లోపం బయటపడితే తన ఖర్చుతో బాగుచేయాలి. ఇవి తెలిసిన అసోసియేషన్ బిల్డర్‌ను అడగగలదు. తెలియని అసోసియేషన్ మెయింటెనెన్స్ కట్టనివాళ్ల పేర్లు లిఫ్టులో అంటించడం దగ్గరే ఆగిపోతుంది.

మన శివారు జనానికి కలిసి పనిచేయడం రాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. బాలాపూర్ గణేశుని లడ్డూ వేలం 1994లో 450 రూపాయలతో మొదలైంది. ఆ డబ్బు ఊరి గుడికి, బడికి, పనులకు వాడుతూ వచ్చారు. బండ్లగూడ జాగీర్‌లోని ఒక విల్లా సముదాయంలో 2025లో గణేశుని లడ్డూ రెండు కోట్ల 32 లక్షలు పలికింది. అక్కడ ఇళ్లవాళ్లు జట్లుగా చేరి వేలం పాడతారు, వచ్చిన సొమ్ము సేవా కార్యక్రమాలకు వెళుతుంది. శ్రీకాకుళం నుంచి ఒకరు, పాలమూరు నుంచి ఒకరు, గుంటూరు నుంచి ఒకరు, ఒడిశా నుంచి ఒకరు వచ్చి చేరిన చోట ఒక మండపం కింద అంతమంది చేతులు కలపడం చిన్న సంగతి కాదు. బతుకమ్మ రోజుల్లో చూడండి. తంగేడు, గునుగు పూలంటే ఏమిటో తెలియని ఇల్లాలు కూడా పక్కింటావిడ దగ్గర నేర్చుకుని బతుకమ్మను పేరుస్తుంది. తొమ్మిది రోజులూ ఆడటానికి మాత్రం చోటు వెతుక్కోవాలి. కార్లు తీయించి సెల్లారులో ఆడతారు, లేదా రోడ్డుకు అడ్డంగా రెండు కుర్చీలు వేసి ఆడతారు. నిమజ్జనానికి చెరువు దొరక్క ప్లాస్టిక్ టబ్బులో వేసే కాలనీలు ఉన్నాయి.

సంతోషానికి చోటు ఎలాగో దొరికించుకుంటాం. ఫంక్షన్ హాలు అద్దెకు తీసుకుంటాం. చావుకు చోటు ఎక్కడ?

ఈ మాట రేడియోలో అనడానికి నాకు కష్టంగానే ఉంది. కానీ ఎవరో ఒకరు అనాలి. అద్దె ఇంట్లో ఉన్న మనిషి ఆసుపత్రిలో చనిపోతే, శవాన్ని ఇంట్లోకి తేవద్దని ఇంటి యజమాని అంటాడు. మైల అనో, తర్వాత ఎవరూ అద్దెకు రారనో, వాస్తు అనో ఏదో ఒక మాట. ఆ కుటుంబం శవాన్ని రోడ్డు పక్కన, ఫ్రీజర్ పెట్టెలో, షామియానా కింద పెట్టుకుని ఊరి నుంచి రావలసినవాళ్ల కోసం ఎదురుచూస్తుంది. లేదా ఆసుపత్రి నుంచి నేరుగా శ్మశానానికి తీసుకెళుతుంది. పదకొండు రోజుల కర్మ ఎక్కడ చేయాలో తెలియక గుడి వసతి గదులు, చెరువు గట్లు వెతుక్కుంటుంది. ఇలాంటి సంగతులు హైదరాబాద్‌లో ఎన్నోసార్లు పత్రికలకెక్కాయి. పత్రికలకెక్కనివి ఇంకా ఎక్కువ. సొంత ఫ్లాటు ఉన్నవాళ్లకూ ఇబ్బందే. ఎనిమిదో అంతస్తుకు లిఫ్టులో పాడె పట్టదు. సెల్లారులో రెండు కార్ల మధ్య పడుకోబెట్టి నీళ్లు పోస్తారు. పల్లెలో ఇంటి ముందు అరుగు, వాకిలి ఈ పనికి ఉండేవి. ఆ వాకిలిని గజాల్లో అమ్మేసినవాళ్లం, దాని బదులు ఏం పెట్టుకోవాలో ఆలోచించలేదు.

వాచ్‌మన్ కుటుంబం సంగతి ఇంకా చెప్పనక్కర్లేదు. మెట్ల కింద ఒక్క గదిలో నలుగురు బతుకుతారు. ఆ ఇంట్లో ఎవరైనా పోతే రాత్రికి రాత్రే ఊరికి బండి కట్టించుకుని బయలుదేరాల్సిందే.

దీనికి పెద్ద పథకం ఏదీ అక్కర్లేదు. కొన్ని కాలనీల వాళ్లు కమ్యూనిటీ హాలుకు వెనకవైపు ఒక గది ఇందుకోసం ప్రత్యేకించారు. నాలుగు వందల చదరపు అడుగులు చాలు. రోడ్డు వైపు నేరుగా తెరుచుకునే గేటు, అంబులెన్స్ లోపలికి వచ్చేంత వెడల్పు. లోపల ఒక రాతి గట్టు, నీళ్ల కొళాయి, నీళ్లు పోయే కాలువ, ఫ్రీజర్ పెట్టెకు కరెంటు ప్లగ్గు, ఆడవాళ్లకు ఒక స్నానాల గది, వచ్చినవాళ్లు కూర్చోవడానికి పైకప్పు ఉన్న వరండా. ఏ మతం వాళ్లయినా వాడుకునేలా గోడలు ఉత్తగా ఉంచితే సరిపోతుంది. కార్పస్ ఫండ్‌లో అదొక చిన్న ఖర్చు.

మీ కాలనీలో పార్కు పక్కన కమ్యూనిటీ హాలు ఉంటే, లేదా కట్టే ఆలోచన ఉంటే, ఈసారి జనరల్ బాడీ సమావేశంలో ఈ గది విషయం ఎజెండాలో పెట్టించండి. తీర్మానం రాసేటప్పుడు ఇది అద్దెకు ఉన్నవాళ్లకూ, వాచ్‌మన్ కుటుంబానికీ, ఇళ్లలో పనిచేసేవాళ్లకూ ఉచితంగా వర్తిస్తుందని ఒక వాక్యం తప్పకుండా చేర్పించండి.